ఐసీయూ బయట నాలుగు గళ్ల కాగితం

మూడేళ్ల కిందట మా మామూ, అంటే అమ్మకు అన్నయ్య, మెదడులో రక్తస్రావమై పడిపోయారు. వయసు డెబ్బై ఆరు. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. వెళ్లిన రాత్రే వెంటిలేటరు పెట్టారు. పదకొండు రోజులు దాని మీదే ఉన్నారు.

ఆ పదకొండు రోజులూ ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని మేం మాట్లాడుకున్న మాటలు నాకింకా గుర్తున్నాయి. దుబాయ్‌లో ఉన్న పెద్దకొడుకు ఫోను చేసి, "ఎంతైనా సరే, ఏదీ ఆపొద్దు" అనేవాడు. ఇక్కడున్న చిన్నకొడుకు బిల్లు కౌంటరుకూ కుర్చీకీ మధ్య తిరుగుతూ ఉండేవాడు. సాయంత్రం ఐదింటికి డాక్టరుగారు తలుపు దగ్గరకొచ్చి, "అలాగే ఉంది. ఏం చెయ్యమంటారో మీరే ఆలోచించుకోండి" అని లోపలికి వెళ్లిపోయేవారు. ఏం ఆలోచించాలో, ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియదు. బంధువులు, స్నేహితులు, మీలాంటి దాతలు కొందరు సర్దిన డబ్బు పన్నెండో రోజుకు అయిపోయింది. వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టప్రకారం రోగిని తీసుకువెళ్తున్నామని రాసి ఉన్న కాగితం మీద చిన్నకొడుకు సంతకం చేశాడు. నిజానికి అది ఎవరి ఇష్టమూ కాదు. ఇంటికి తెచ్చిన మూడు గంటలకు మామూ కన్నుమూశారు.

మూడోనాడు ముమానీ నా పక్కన కూర్చుని నెమ్మదిగా అంది: "వాళ్ల తమ్ముడు పోయినప్పుడే నాతో అన్నారు. నన్ను మాత్రం ఇట్లా గొట్టాల మధ్య ఉంచొద్దు, ఇంట్లోనే పోనివ్వండి అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. నేనుగా చెబితే, ఖర్చుకు వెనకాడి అంటోందని అనుకుంటారేమోనని నేనూ నోరు తెరవలేదు."

ఆ పన్నెండు రోజుల్లో మేం ఎన్నో లెక్కలు వేశాం, ఎందరినో సలహా అడిగాం. రోగి ఏం కోరుకునేవాడు అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు. డబ్బున్న ఇల్లయినా, లేని ఇల్లయినా ఇదే జరుగుతోందని తర్వాత నలుగురితో మాట్లాడితే తెలిసింది. వైద్య సహాయం కోసం మీకు ఫోను వచ్చినప్పుడు అవతలి వైపు ఉన్న కుటుంబం కూడా బహుశా ఇదే అయోమయంలో ఉండి ఉంటుంది.

కిందటి వేసవిలో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇంటికొచ్చింది. మా బడిలో పదో తరగతి చదివి, నర్సింగ్ చేసి, ఇప్పుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఐసీయూ నర్సుగా ఉంది. మామూ సంగతి విని, "మేడమ్, మీకోసం ఎథిక్స్ కన్సల్ట్ ఎవరూ పిలవలేదా?" అంది. నాకు ఆ మాటే కొత్త. బల్ల మీదున్న యూనిట్ టెస్టు కాగితం వెనక్కి తిప్పి, నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసింది. నాలుగు గళ్లు వచ్చాయి. అక్కడి ఆసుపత్రుల్లో ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ఈ నాలుగు గళ్లతో మొదలుపెడతారని చెప్పింది. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ, ఆ అమ్మాయిని అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ సలహాదారు ఎవరో చెప్పాలి. ఆసుపత్రిలో రోగి చికిత్స విషయంలో ఏది చేయగలం అన్నది ఒక ప్రశ్న, ఏది చేయడం సబబు అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి వైద్యశాస్త్రం జవాబు చెబుతుంది. రెండోదాని దగ్గర డాక్టరుకూ కుటుంబానికీ, లేదా కుటుంబంలోనే ఇద్దరు ముగ్గురికీ మాట కుదరనప్పుడు పిలిచే మనిషి నైతిక సలహాదారు. డాక్టరు పిలవవచ్చు, నర్సు పిలవవచ్చు, రోగి బంధువులూ పిలవవచ్చు. ఆయన తీర్పు చెప్పడు. చికిత్స ఆపమనో, కొనసాగించమనో ఆదేశమూ ఇవ్వడు. నిర్ణయం చేయాల్సినవాళ్లు సరైన ప్రశ్నలు, సరైన వరసలో అడిగేలా చూడటమే ఆయన పని. 2007లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం అమెరికాలోని సాధారణ ఆసుపత్రుల్లో 81 శాతంలో ఈ సేవ ఉంది, 400 పడకలు దాటిన ఆసుపత్రులన్నిటిలోనూ ఉంది. సలహా ఇచ్చేవారిలో ఎక్కువమంది డాక్టర్లు, నర్సులే. సామాజిక కార్యకర్తలు, మతగురువులు కూడా ఉంటారు. అయితే ఈ శాస్త్రంలో డిగ్రీయో, ప్రత్యేక శిక్షణో పూర్తి చేసినవారు అప్పటికి 5 శాతమేనని అదే అధ్యయనం తేల్చింది. ఆ తర్వాతే దానికొక పరీక్ష, ధ్రువపత్రం వచ్చాయి. 2018లో మొదలయ్యాయి. అంటే అక్కడ కూడా ఇది ఇంకా కుదురుకుంటున్న వృత్తే.

ఈ పద్ధతులు ఎందుకు అవసరమయ్యాయో చెప్పే కథ ఒకటుంది. దాతలు తప్పక వినవలసిన కథ. 1960లో సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు చేతి రక్తనాళాలకు అమర్చి ఉంచగలిగే ఒక చిన్న గొట్టాన్ని తయారుచేశాడు. దానితో కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవారికి కూడా ఏళ్ల తరబడి డయాలిసిస్ చేయడం సాధ్యమైంది. కానీ యంత్రాలు కొన్నే, రోగులు చాలామంది. ఎవరికి అవకాశం ఇవ్వాలో తేల్చడానికి ఊళ్లోని ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఒక న్యాయవాది, ఒక మతాచార్యుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వ అధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జను. 1962లో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ ఈ కమిటీ గురించి రాసింది. రోగికి పెళ్లయిందా, పిల్లలెందరు, ఉద్యోగమేమిటి, ఆస్తి ఎంత, చర్చికి వెళ్తాడా అన్నవి కూడా వాళ్లు లెక్కలోకి తీసుకున్నారని చదివి దేశం ఉలిక్కిపడింది. ఆ ఏడుగురూ చెడ్డవాళ్లు కారు. జీతం తీసుకోకుండా, పేరు బయటపెట్టుకోకుండా, నిద్రపట్టని రాత్రులు గడుపుతూ ఆ పని చేశారు. అయితే ఏయే ప్రశ్నలు అడగాలి, ఏవి అడగకూడదు అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. దాంతో తమకు తెలిసిన 'మంచి మనిషి' ఎలా ఉంటాడో అలాంటి మనిషినే ఎంచుకున్నారు. సహాయం దరఖాస్తులు చూసే చోట మనం కూడా "మంచి కుటుంబం", "మనకు తెలిసినవాళ్లు" అనే మాటలు వాడుతుంటాం. అందుకే ఇది చదివినప్పుడు వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత కారెన్ ఆన్ క్విన్లాన్ కేసు వచ్చింది. 21 ఏళ్ల ఆ అమ్మాయి 1975లో స్పృహ కోల్పోయి మళ్లీ తేరుకోలేదు. వెంటిలేటరు తీసివేయమని తల్లిదండ్రులు అడిగితే ఆసుపత్రి ఒప్పుకోలేదు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1976లో తల్లిదండ్రుల పక్షాన తీర్పిస్తూ, ఇలాంటివి కోర్టుల కంటే ఆసుపత్రుల్లోని నైతిక కమిటీలు చూడటం మేలని సూచించింది. యంత్రం తీశాక ఆమె చనిపోతుందని అందరూ అనుకున్నారు. 1985 వరకు బతికింది. 1992 నుంచి, ఇలాంటి చిక్కులు పరిష్కరించే ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో ఉండాలని అక్కడ ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ షరతు పెట్టింది.

ఇక ఆ నాలుగు గళ్ల దగ్గరకు వద్దాం. 1982లో ముగ్గురు కలిసి ఒక పుస్తకం రాశారు. ఆల్బర్ట్ జాన్సెన్ ఒకప్పుడు క్రైస్తవ గురువు, మార్క్ సీగ్లర్ వైద్యుడు, విలియం విన్స్‌లేడ్ న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం రెండూ చదివినవాడు. అంతకు మూడేళ్ల ముందే, 1979లో, బోషాంప్, చైల్డ్రెస్ అనే ఇద్దరు పండితులు వైద్యనీతికి నాలుగు సూత్రాలు చెప్పారు: రోగి మాటకు విలువనివ్వడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరిపట్ల న్యాయంగా ఉండటం. సూత్రాలు బాగానే ఉన్నాయి. కానీ రాత్రి పదకొండింటికి మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు సూత్రం చేతికి అందదు. మాకు బీఎడ్‌లో విద్యా తత్వశాస్త్రం చెప్పేవారు. మర్నాడు ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్తే కావలసింది మాత్రం పాఠ్య ప్రణాళిక. ఈ ముగ్గురూ రాసింది అలాంటి ప్రణాళికే.

మొదటి గడి వైద్య విషయాలు. జబ్బేమిటి, నయమయ్యేదా, ఏ చికిత్స ఏం సాధిస్తుంది, సాధించే అవకాశం ఎంత, ఏమీ చేయకపోతే ఏమవుతుంది. రెండో గడి రోగి కోరిక. ఆయన తెలివిలో ఉన్నాడా, విషయం అర్థమైందా, ఏమంటున్నాడు, మాట్లాడలేకపోతే ముందెప్పుడైనా ఏమన్నాడు, ఆయన తరఫున మాట్లాడే హక్కు ఎవరిది. మూడో గడి బతుకు తీరు. చికిత్స తర్వాత ఎలాంటి జీవితం మిగులుతుంది, ఆ జీవితాన్ని రోగి కళ్లతో చూస్తున్నామా, మన కళ్లతో చూస్తున్నామా. నాలుగో గడి చుట్టూ ఉన్న పరిస్థితులు. కుటుంబం, మతం, చట్టం, డబ్బు, ఆసుపత్రి ప్రయోజనాలు అన్నీ ఇక్కడే. ఈ వరసలోనే నింపాలని ఆ రచయితలు గట్టిగా చెబుతారు. డబ్బు నాలుగో గడిలో ఉండటం నన్ను ఆపి ఆలోచింపజేసింది. అది లేదని ఎవరూ నటించడం లేదు. అయితే దాని వంతు చివర వస్తుంది. మా కుర్చీల దగ్గర మాత్రం మొదటి రోజు మొదటి మాటే అది.

కాగితం మీద ఇది తేలిగ్గా కనిపిస్తుంది. నిజమైన మనిషి మీద పెట్టి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. వైద్యనీతి చదివే ప్రతి విద్యార్థికీ అక్కడ డాక్స్ కోవార్ట్ కథ చెబుతారు. ఆయన టెక్సాస్ వాడు. 1973 జులైలో, 25 ఏళ్ల వయసులో, తండ్రితో కలిసి ఒక స్థలం చూడటానికి వెళ్లాడు. దగ్గరలోని పైపు నుంచి ప్రొపేన్ గ్యాసు కారి కమ్ముకుని ఉందని వాళ్లకు తెలియదు. కారు స్టార్ట్ చేయగానే పేలింది. తండ్రి చనిపోయాడు. డాక్స్ శరీరం 65 శాతం కాలిపోయింది. చూపు పోయింది, చేతి వేళ్లు పోయాయి. ఏడాదికి పైగా సాగిన చికిత్సలో రోజూ పుండ్లను మందు నీళ్లలో ముంచి కడగడం, పాత కట్టు లాగి కొత్తది కట్టడం. ప్రాణం పోతున్నంత నొప్పి. మొదటి నుంచీ ఆయన ఒకటే చెప్పాడు: ఈ చికిత్స నాకు వద్దు, ఆపండి. ఆపలేదు. కాగితాల మీద తల్లి సంతకాలు చేసింది. చివరికి రాబర్ట్ వైట్ అనే మానసిక వైద్యుడు పరీక్షించి, ఈ మనిషి పూర్తి తెలివిలో ఉన్నాడని చెప్పాడు. 1974లో ఆయన మాటల్ని వీడియో తీశాడు కూడా. అయినా చికిత్స సాగింది. అప్పటికి ఆసుపత్రుల్లో నైతిక సలహాదారుల ఏర్పాటు స్థిరపడలేదు. ఇప్పుడు ఆ కేసును గళ్లలో పెట్టి చూడటం నేర్పుతారు.

మొదటి గడిలో పెడితే: ఇది చావుకు దారితీసి తీరే జబ్బు కాదు. చికిత్స చేస్తే బతికే అవకాశం ఉంది, ఆపితే ఇన్ఫెక్షనుతో పోతాడు. కాబట్టి డాక్టర్ల పట్టుదలకు ఆధారం ఉంది. రెండో గడిలో పెడితే: రోగి తెలివిగా, పదే పదే, స్పష్టంగా వద్దంటున్నాడు. ఇక్కడ తల్లి సంతకానికి చోటే లేదు, ఎందుకంటే మాట్లాడగలిగినవాడి తరఫున వేరేవాళ్లు మాట్లాడే అవసరం రాదు. మూడో గడిలో డాక్టర్లు, బంధువులు, రోగి ముగ్గురూ మూడు రకాలుగా రాస్తారు. చూపు లేకుండా, వేళ్లు లేకుండా బతకడం బతుకేనా అన్నది ఆయన బాధ. అలాంటివారు ఎందరో బాగానే బతుకుతున్నారన్నది వైద్యుల అనుభవం. నాలుగో గడిలో భర్తను పోగొట్టుకుని కొడుకునైనా దక్కించుకోవాలనుకునే తల్లి ఉంది, ఆమె గాఢమైన దైవభక్తి ఉంది, గ్యాసు కంపెనీ మీద నడుస్తున్న పరిహారం దావా ఉంది.

గళ్లు నిండాయి కదా అని జవాబు దానంతటదే బయటికి రాదు. లెక్కల పాఠంలోలాగా కూడితే వచ్చేది కాదు ఇది. కాకపోతే గొడవ ఎక్కడుందో కనిపిస్తుంది. మొదటి గడికీ రెండో గడికీ మధ్య ఉంది. నాలుగో గడిలోని బరువంతా వచ్చి రెండో గడిని నొక్కేసింది. ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మొదటి గడిని నిజాయితీగా నింపితే నొప్పి సంగతి అక్కడ రాయాలి. తనకు ఇచ్చిన నొప్పి మందులు ఏమాత్రం చాలలేదని కోవార్ట్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆపడమా, సాగించడమా అని అందరూ రెండే దారులు చూస్తున్నప్పుడు, నొప్పి తగ్గించి అప్పుడు మళ్లీ అతన్ని అడుగుదాం అన్న మూడో దారి ఎవరికీ తోచలేదు. పద్ధతి ప్రకారం అడిగితే తోచేదేమో.

ఆ తర్వాత కోవార్ట్ బతికాడు. 1986లో న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వకీలయ్యాడు. పెళ్లి చేసుకున్నాడు. బతికినందుకు సంతోషంగా ఉందని చెప్పాడు. అయినా 2019లో చనిపోయేదాకా ఒక మాట మార్చలేదు: ఆరోజు నా మాట వినకపోవడం తప్పే. ఇది చదివిన రాత్రి నేను మా ఆయనతో వాదించాను. "బతికి బాగుపడ్డాడుగా, డాక్టర్లే రైటు" అంటారు ఆయన. చివర బాగుపడ్డాడు కాబట్టి మధ్యలో అతని నోరు నొక్కడం ఒప్పయిపోతుందా అని నేను. ఇప్పటికీ తేలలేదు.

సలహాదారు ఈ గళ్లను ఎలా నింపుతాడన్నదానికి మరో క్రమం ఉంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు నడిపే ప్రభుత్వ శాఖ దీన్ని తయారుచేసింది. ఐదు మెట్లు. మొదటి మెట్టు, అసలు అడుగుతున్నది ఏమిటో తేల్చుకోవడం. "మా నాన్న విషయంలో డాక్టరు సరిగా చెప్పడం లేదు" అన్నది ఫిర్యాదు. దాన్ని నైతిక ప్రశ్నగా మార్చాలి: కోలుకునే అవకాశం లేదని వైద్యులు అంటున్నారు, కొడుకు వెంటిలేటరు కొనసాగించాలంటున్నాడు, ఈ పరిస్థితిలో ఏయే నిర్ణయాలు సమర్థించుకోదగ్గవి? ప్రశ్న ఇలా రాయగలిగితే సగం పని అయినట్టేనని మా నర్సమ్మాయి అంటుంది. చాలాసార్లు ఈ మెట్టు దగ్గరే ఇది నీతికి సంబంధించిన చిక్కు కాదు, డాక్టరూ కుటుంబమూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోవడమే చిక్కు అని బయటపడుతుందట. రెండో మెట్టులో సమాచారం సేకరించాలి. సలహాదారు కేసు షీటు చదివి ఊరుకోకూడదు, వీలైతే స్వయంగా రోగిని చూడాలి, బంధువులతో విడివిడిగా మాట్లాడాలి. మూడోదానిలో అందరినీ కూర్చోబెట్టి ఆ సమాచారాన్ని విశ్లేషించాలి. నాలుగోది, వచ్చిన సలహాను అందరికీ వివరించి కేసు షీటులో రాయడం. ఐదోది, తర్వాత ఏం జరిగిందో చూసి తన పనిలో లోపాలు దిద్దుకోవడం.

రెండో మెట్టు మీద ఆ అమ్మాయి చెప్పిన ఒక సంగతి. బంధువులను సలహాదారు "మీరు ఏం చెయ్యమంటారు?" అని అడగడు. "ఆయన ఇక్కడ కుర్చీలో కూర్చుని తన రిపోర్టులు తానే చూస్తుంటే ఏమంటారు?" అని అడుగుతాడు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మొదటి ప్రశ్న కొడుకు నెత్తిమీద తండ్రి చావు బరువు పెడుతుంది. ఏ కొడుకైనా "ఆపొద్దు" అనే అంటాడు. రెండో ప్రశ్న కొడుకును సాక్షిగా నిలబెడుతుంది. మా ముమానీని ఆ రెండో ప్రశ్న అడిగి ఉంటే చెప్పేది. భర్త మాటను భర్త మాటగా చెప్పడానికి ఆమెకు జంకు ఉండేది కాదు.

ఇతర దేశాల నుంచి వచ్చిన కుటుంబాల దగ్గర ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందని అడిగాను. మన ఇళ్లలో నిర్ణయం ఒక్కరిది కాదు, పెద్దలందరిదీ. కొందరు రోగులు తమకు ఏదీ చెప్పొద్దని, పెద్దబ్బాయితో మాట్లాడమని అంటారు. అప్పుడు ఆ మాటే రెండో గడిలో రోగి కోరికగా రాస్తారట. ముస్లిం కుటుంబమైతే, వాళ్లు కోరితే, ఇమాంనో ధర్మశాస్త్రం తెలిసినవారినో కూర్చోబెడతారు. మెదడు పూర్తిగా పనిచేయడం మానేసి అది తిరిగిరాదని నిపుణులైన వైద్యులు నిర్ధారించినప్పుడు యంత్రాలు తీసివేయవచ్చని 1986లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. దీనిమీద పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ అభిప్రాయాన్ని పాటించాలో కుటుంబం తేల్చుకోవాలి. సలహాదారు తన అభిప్రాయం వాళ్లమీద రుద్దకూడదు.

ఇదంతా చికిత్స త్వరగా ఆపించే ఉపాయం కాదా అన్న అనుమానం మీకు వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. దీనిమీద 2003లో ఒక పెద్ద వైద్య పత్రికలో అధ్యయనం వచ్చింది. ఏడు ఆసుపత్రుల ఐసీయూల్లో 551 మంది రోగులను తీసుకుని, కొందరికి నైతిక సలహా ఏర్పాటు చేశారు, కొందరికి చేయలేదు. రెండు గుంపుల్లోనూ మరణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే సలహా వల్ల బతికేవాళ్లు ఎవరూ పోలేదు. తేడా ఎక్కడ వచ్చిందంటే, చివరికి ఎలాగూ బతకని రోగులు ఆసుపత్రిలో, వెంటిలేటరు మీద గడిపిన రోజులు తగ్గాయి. సలహా పొందినవారిలో, ఇచ్చిన చోట పనిచేసినవారిలో 87 శాతం మంది అది ఉపయోగపడిందన్నారు. దాతలు ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి. మామూ వెంటిలేటరు మీద గడిపిన పదకొండు రోజుల్లో ఎన్ని రోజులు ఆయన కోసం, ఎన్ని రోజులు మేం నిర్ణయించుకోలేక గడిచాయో నేను చెప్పలేను. ఆ రోజులకు డబ్బు మాత్రం మీలాంటివాళ్లే ఇచ్చారు.

చట్రానికి ఉన్న లోపాలు కూడా చెప్పాలి. గళ్లు ఎవరు నింపుతున్నారన్నది ముఖ్యం. ఆసుపత్రి జీతం తీసుకునే సలహాదారు ఆసుపత్రి ప్రయోజనాన్ని నాలుగో గడిలో నిజంగా రాస్తాడా అన్న ప్రశ్న అక్కడా ఉంది. కాగితం నింపడమే పనిగా మారితే మనిషి కనిపించకుండా పోతాడు. మా బడిలో సమగ్ర మూల్యాంకనం రికార్డులు వచ్చిన కొత్తలో అచ్చంగా అదే జరిగింది. పిల్లవాడికి చదవడం రాదు, రికార్డులో మాత్రం గడులన్నీ నిండి ఉండేవి. అయినా ఆ గళ్లే లేనప్పుడు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే నెగ్గుతుంది. ఐసీయూ బయట పెద్ద గొంతు సాధారణంగా దూరం నుంచి ఫోను చేసేవాడిదో, డబ్బు ఇచ్చేవాడిదో అవుతుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ఆసుపత్రి గోడ మీద 'ఎథిక్స్ కమిటీ' అన్న బోర్డు కనిపిస్తే, అది చాలాచోట్ల కొత్త మందుల ప్రయోగాలను పరిశీలించే కమిటీ. మంచం పక్కకు వచ్చి మాట్లాడేది కాదు. కానీ చట్టం మారింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమేనని, మనిషి ముందుగానే తన చికిత్స గురించి కోరిక రాసి పెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. అప్పుడు పెట్టిన పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేసుకుంటే చాలు. తన తరఫున మాట్లాడేవారి పేర్లూ అందులో రాయవచ్చు. రోగి కోలుకునే ఆశ లేని స్థితికి వచ్చినప్పుడు చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసిన మొదటి బోర్డు పరిశీలిస్తుంది. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉన్న రెండో బోర్డు మళ్లీ చూస్తుంది. వీలైనంతవరకు ఒక్కో బోర్డు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. మెజిస్ట్రేటుకు తెలియజేశాకే అమలు. రాతపూర్వకమైన కోరిక లేనప్పుడు కూడా కుటుంబం సమ్మతితో ఇదే దారిలో వెళ్లవచ్చు. గమనించి చూస్తే మొదటి గడి, రెండో గడి ఇందులో ఉన్నాయి. వైద్య విషయం ఒక డాక్టరు చేతిలో లేదు, రోగి మాటకు కాగితం ఉంది.

వెంటిలేటరు వద్దనుకుంటే వైద్యమే వద్దనుకున్నట్టు కాదు. నొప్పి తగ్గించడం, ఊపిరాడని బాధ తగ్గించడం, నోరు తడిగా ఉంచడం, పుండ్లు పడకుండా చూడటం ఇవన్నీ వైద్యమే. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. మామూను మేం ఇంటికి తెచ్చింది అలాంటి ఏర్పాటు ఏదీ లేకుండా. ఆ మూడు గంటలు ఆయన ఊపిరి కోసం పడ్డ అవస్థ చూశాం. అది తగ్గించే మందులున్నాయని అప్పుడు మాకు తెలియదు.

సహాయం అడుగుతూ వచ్చే కుటుంబంతో మాట్లాడేటప్పుడు మనం ఏమి చేయగలం అన్నది మా కమిటీలో ఈ ఏడాది చర్చకు పెట్టాను. డబ్బిచ్చేవాడు రోగి కోరిక అడిగితే, వద్దనమని చెబుతున్నట్టు వాళ్లకు వినిపించే ప్రమాదం ఉంది. సియాటిల్ ఏడుగురి కుర్చీల్లో మనం కూర్చోకూడదు. కాబట్టి సహాయానికీ ఈ ప్రశ్నకూ ముడిపెట్టవద్దని అనుకున్నాం. సహాయం మంజూరైందని ముందు చెప్పేస్తాం. ఆ తర్వాత డాక్టరుగారిని ఏమేం అడగాలో నాలుగు గళ్లు గీసిన కాగితం ఒకటి చేతికిస్తాం, తెలుగులోనూ ఉర్దూలోనూ. తీసుకుంటారు, తీసుకోరు, అది వాళ్ల ఇష్టం. ఒక సభ్యుడికి ఇది నచ్చలేదు. ఆపదలో ఉన్నవాళ్ల చేతిలో కాగితాలు పెట్టడమేమిటన్నారు. ఆయన మాటలో కూడా నిజం లేకపోలేదు. ఆరు నెలలు చూసి మళ్లీ మాట్లాడుకుందామని ఆపాం.

ఇంట్లో మాత్రం మొదలుపెట్టాను. అమ్మకు డెబ్బై తొమ్మిది. ఒక ఆదివారం బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆక్సిజన్ పెట్టించుకుంటానంది. గుండె ఆగితే కొట్టి లేపొద్దంది. గొంతులో గొట్టం వేస్తే మూడు రోజులు చూడమంది, తేడా లేకపోతే తీసెయ్యమంది. మూడు రోజులే ఎందుకని అడిగితే, దుబాయ్ నుంచి పిల్లలు రావడానికి అంత పడుతుంది కదా అంది. నేను అదంతా నోటు పుస్తకంలో తేదీ వేసి రాశాను. తమ్ముడికి చదివి వినిపిస్తే, ఇలాంటివి రాయకక్కా అని లేచి వెళ్లిపోయాడు. నోటరీ దగ్గరకు ఇంకా వెళ్లలేదు. సాక్షి సంతకానికి వాడు కూడా ఉండాలని అమ్మ పట్టుబడుతోంది.